కుక్కకి ఎముకలు వేయొచ్చా? "ఇన్నేళ్ళూ ఏం కాలేదు కదా" అనేవాళ్ళకి నా జవాబు

అమ్మా, మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఇంట్లో రెండేళ్ళ లాబ్రడార్ ఉంది, పేరు బ్రౌనీ. ఆదివారం చికెన్ వండితే మీ అత్తగారు కంచాల్లో మిగిలిన ఎముకలన్నీ దాని గిన్నెలో వేస్తారు, మీరు వద్దంటే "మా ఊళ్ళో కుక్కలన్నీ ఇవే తిని పెరిగాయి" అంటారు. మీ వారేమో వండినవి వద్దుగానీ మటన్ షాపు నుంచి పచ్చి నల్లి బొక్క, అంటే మూలుగ ఉండే కాలి ఎముక, తెస్తానంటున్నారు. నిన్న బిర్యానీలోని లెగ్ పీస్ ఎముకలు నాలుగైదు తినేసింది, ఇప్పుడేం చేయాలి, ఎవరి మాట కరెక్ట్ అని అడిగారు.

నిన్నటి సంగతి ముందు చెప్తాను, వాదన తర్వాత.

ఇప్పుడు బ్రౌనీ మామూలుగా తిరుగుతూ, నీళ్ళు తాగుతూ, తోక ఊపుతూ ఉంటే కంగారు పడకండి. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్క కడుపులో ఆమ్లం చాలా గట్టిది, చికెన్ ఎముకల్ని చాలావరకు అదే కరిగించేస్తుంది. మీరు చేయాల్సింది మూడు రోజులు కనిపెట్టి ఉండటం, అంతకంటే ముఖ్యం కొన్ని పనులు చేయకపోవడం. వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు పట్టడం, నెట్‌లో చూసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యడం అసలు వద్దు, ఎందుకంటే లోపలికి జారుతూ గీసుకోని ఎముక పైకి వచ్చేటప్పుడు గొంతులో అడ్డం పడొచ్చు. ఆముదం గానీ, నెయ్యి గానీ నోరు తెరిచి పొయ్యకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన కుక్కల్ని నేను చూశాను, ఎముకైతే బయటికి వచ్చేసింది గానీ నెయ్యి వల్ల కుక్క మంచాన పడింది. అన్నం ముద్దలు, బ్రెడ్ పెడితే ఎముక చుట్టూ పరుపులా చుట్టుకుంటుందని చాలామంది అంటారు. కుక్క హాయిగా ఉంటే మామూలుగా తినేదే పెట్టండి, నష్టం లేదు, కానీ దాని మీద భరోసా మాత్రం పెట్టుకోకండి. కుక్క కక్కుతున్నట్టు చేస్తుంటే, గుటకలు మింగుతుంటే మాత్రం ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా.

ఈ మూడు రోజుల్లో చూడాల్సినవి: మళ్ళీ మళ్ళీ వాంతులు, తిండి ముట్టకపోవడం, పొట్ట ముట్టుకుంటే బిగబట్టడం, మలం తారులా నల్లగా రావడం లేదా రక్తం కనబడటం, ముక్కుతున్నా ఏమీ రాకపోవడం. ఇంకొకటి, ముందు కాళ్ళు నేలకి ఆనించి వెనక భాగం పైకి లేపి సాష్టాంగ నమస్కారానికి సిద్ధమవుతున్నట్టు నిలబడితే ఒళ్ళు విరుచుకుంటోంది అనుకుని వదిలేయకండి, పదే పదే అలా చేస్తుంటే అది కడుపునొప్పి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి. చిగుళ్ళు తెల్లబడినా, కూలబడిపోయినా అర్ధరాత్రి అని చూడొద్దు.

బిర్యానీ అన్నారు కాబట్టి ఉల్లిపాయ మాట కూడా. ఎముక సంగతి ఎలా ఉన్నా, మసాలాలోని వేయించిన ఉల్లిపాయ కుక్కకి విషంతో సమానం, ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. కుక్క బరువులో కిలోకి సుమారు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ వెళితే ఇబ్బంది మొదలవుతుంది. 30 కిలోల బ్రౌనీకి ఆ లెక్కన దాదాపు అరకిలో తినాలి, నాలుగు ఎముకలకి అంటుకున్న దాంతో ఏమీ కాదు. అదే 5 కిలోల పామరేనియన్‌కైతే ఒక్క మాదిరి ఉల్లిపాయ చాలు. లక్షణాలు కూడా ఆ రోజే కనబడవు, నాలుగైదు రోజుల తర్వాత మూత్రం కాఫీ రంగులో వస్తుంది, అప్పటికి బిర్యానీ ఎవరికీ గుర్తుండదు. కూరలో ముక్క పెట్టడం వేరు, చప్పగా ఉడికించిన ముక్క పెట్టడం వేరు అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ఇక వాదన. నేను ఖమ్మంలో 26 ఏళ్ళుగా పశువైద్యం చేస్తున్నాను. మొదట్లో అన్నీ గేదెలే, గత పదిహేనేళ్ళుగా సగానికి పైగా కుక్కలు. ఎముకని మా వైపు బొక్క అంటాం, మా ఆవిడ వాళ్ళది ఏలూరు, వాళ్ళు దుమ్ము అంటారు, పేరు ఏదైనా సోమవారం పొద్దున మా క్లినిక్‌కి వచ్చే కేసులు ఒకటే. కనుమ మర్నాడు, దసరా మర్నాడు, ఆషాఢంలో బోనాల ఆదివారాలు దాటాక, బక్రీద్ తర్వాత రెండు రోజులూ మా కాంపౌండర్ ముందే ఎక్స్‌రే గది తుడిచి పెడతాడు. అది నా లెక్క, ఏ పుస్తకంలోదీ కాదు.

మీ అత్తగారు చెప్పింది అబద్ధం కాదు. ఊళ్ళో కుక్కలు ఎముకలు తిన్నాయి, తింటున్నాయి, చాలావాటికి ఏమీ కాలేదు. కానీ చెరువు గట్టు మీద చచ్చిపడి ఉన్న కుక్కని ఎవరైనా పోస్ట్‌మార్టం చేశారా? "ముసలిదైంది, పోయింది" అనో, "ఎవరో మందు పెట్టారు" అనో అనుకున్నాం, అంతే. బతికినవే మనకి కనబడతాయి, మన ఉదాహరణలన్నీ వాటివే. పైగా ఆ కుక్కలు తిన్నది వేరు. ఇంట్లో నలుగురు చప్పరించి, నమిలి, మూలుగ పీల్చేసి పారేసిన చిన్న ముక్కలు రెండో మూడో దానికి దక్కేవి, దానికోసం పక్కింటి కుక్కతో కొట్లాట. మన బ్రౌనీలకి అలా కాదు, కిలోన్నర చికెన్ వండితే గిన్నెడు ఎముకలు ఒక్కసారే, పోటీ కూడా లేదు. అయినా అది గబగబా మింగుతుంది, లాబ్రడార్ కదా, నమలడం అనేది దానికి ఫార్మాలిటీ.

వండిన ఎముక ఎందుకు అంత చెడ్డదో ఒకసారి మీరే చూడొచ్చు. ఎముకలో సగం సంగతి ఖనిజం, సున్నం లాంటిది, అది గట్టితనం ఇస్తుంది. మిగతాది కొల్లాజెన్ అనే జిగురు మాంసకృత్తు, అది కొంచెం వంగేలా ఉంచుతుంది. వేడి తగిలితే ఆ జిగురు పాడై, తడి ఆరిపోయి, ఒట్టి పెళుసుదనం మిగులుతుంది. పచ్చి కోడి కాలి ఎముకని రెండు చేతులతో వంచండి, కాస్త వంగి నలిగినట్టు విరుగుతుంది. తందూరీలో కాల్చిన అదే ఎముకని విరిస్తే టక్ మని ఏటవాలుగా చీలుతుంది, కొసలు చూడండి, పాలు పితికే గేదెకి ఇంజెక్షన్ చేసే సూది కంటే మొనగా ఉంటాయి. కోడి ఎముక లోపల డొల్ల, గోడ పలచన, అందుకే ఇంకా చీలికలు. ఇందులోనూ తేడా ఉంది: బ్రాయిలర్ కోడి 40, 45 రోజుల పిల్ల, ఎముక ఇంకా లేతగానే ఉంటుంది. నాటుకోడి నెలల తరబడి పెరిగింది, ఎముక ముదురు, చీలిక ఇంకా పదును. "నాటుకోడి అండీ, మందుల్లేనిది, అందుకే వేశాం" అని గర్వంగా చెప్పేవాళ్ళకి ఇది నచ్చదు.

కుక్కర్ వాళ్ళు ఒక వర్గం ఉన్నారు. పది విజిల్స్ వేస్తే మెత్తబడుతుంది కదా అని. బ్రాయిలర్ మెడలు, కాళ్ళ వేళ్ళు బాగా ఉడికించి, రెండు వేళ్ళ మధ్య నలిపితే ముద్దయిపోయేలా చేసి, గట్టి ముక్క ఒక్కటీ లేకుండా చేత్తో తడిమి పెడితే, సరే, అది ఇక ఎముక కాదు, పిండి. అంత ఓపిక ఉంటే మీ ఇష్టం, అదీ కొంచెమే. మటన్ ఎముక మాత్రం ఎన్ని విజిల్స్ వేసినా అలా కాదు, పైన మెత్తగా అనిపించి లోపల రాయిలాగే ఉంటుంది.

ఒక కేసు చెప్తాను, ఎందుకంటే ఎముక ఇరుక్కుంటే ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు, దగ్గు అనుకుంటారు. ఆరేళ్ళ పామరేనియన్, కనుమ రోజు మధ్యాహ్నం మటన్ ఎముక ఒకటి, చిన్నదే, బొటనవేలంత. సాయంత్రం నుంచి దగ్గుతున్నట్టు చేసింది. ఇంట్లోవాళ్ళు చలికి పట్టేసింది అనుకుని పిల్లల దగ్గు సిరప్ పట్టారు. రెండో రోజు నీళ్ళు తాగిన వెంటనే బయటికి వచ్చేశాయి. మూడో రోజు మా దగ్గరికి వచ్చేసరికి మెడ ముందుకి చాచి, తల కిందికి వాల్చి, నోటి చివర్ల నుంచి జిగురు తీగలు సాగుతూ ఉన్నాయి, ముందు కాళ్ళ మీద బొచ్చంతా ఆ చొంగకి అట్టకట్టింది. నేను గొంతు తడిమితే ఏమీ తగల్లేదు. ఎక్స్‌రేలో గుండె మొదలు దగ్గర ఆహారనాళంలో తెల్లగా, మూల మూలగా, గచ్చకాయ ఇరుక్కున్నట్టు కనబడింది. ఆహారనాళంలో సహజంగా ఇరుకైన చోట్లు ఉంటాయి: ఛాతీలోకి దిగే చోట, గుండె దగ్గర, పొట్టలోకి వెళ్ళే ముందు. ఎముక చాలావరకు వీటిలో ఏదో ఒకదగ్గరే ఆగుతుంది. ఆగిన చోట గోడని ఒత్తి ఒత్తి చిల్లు పెడుతుంది, అందుకే అది గంటలతో పోటీ, రోజులతో కాదు. హైదరాబాద్ పంపాం, ఎండోస్కోపుతో తీశారు, బతికింది. కానీ గాయం మానిన చోట నాళం సన్నబడిపోయింది, ఇప్పటికీ దానికి జావలా చేసి, గిన్నె ఎత్తులో పెట్టి తినిపిస్తున్నారు. ఆ దగ్గు సిరప్ రెండు రోజులు లేకపోయుంటే ఇంత ఉండేది కాదని నా నమ్మకం.

కాబట్టి ఇది గుర్తు పెట్టుకోండి. పొట్ట కదిలి, ఊగి ఊగి కక్కితే అది వాంతి. అలా ఏమీ లేకుండా తిన్నది తిన్నట్టే జారి బయట పడితే అది ఆహారనాళంలో అడ్డం. రెండోది చూస్తే మాత్రం ఇంకేం ఆలోచించకండి. ఊళ్ళో డాక్టర్ దగ్గర ఎక్స్‌రే లేకపోతే జిల్లా కేంద్రానికి వెళ్ళండి. పశువైద్య కాలేజీల ఆసుపత్రులు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో ఉన్నాయి, బయల్దేరే ముందు ఫోన్ చేసి ఎండోస్కోపు, ఆపరేషన్ ఆ రోజు కుదురుతుందా అని అడిగి వెళ్ళండి, దూరం వెళ్ళి తిరిగి రావడం కంటే ఆ రెండు నిమిషాలు నయం.

ఇరుక్కోవడం ఒకటైతే, కింద గట్టిపడటం ఇంకొకటి, నిజానికి నేను ఎక్కువగా చూసేది ఇదే. మటన్ షాపు పక్కన ఇల్లు ఉన్నవాళ్ళ కుక్కలు. రోజూ గుప్పెడు ముక్కలు నమిలి నమిలి మింగుతాయి, అవి పొట్టలో సగం కరిగి, పెద్దపేగు నీళ్ళన్నీ పీల్చేశాక సున్నపు కాంక్రీటు అయిపోతాయి. కుక్క వంగి వంగి ముక్కుతుంది, తెల్లటి, గరుకు ఉండ ఒకటి రక్తం చారతో పడుతుంది, మిగతాది లోపలే. "విరేచనాలండీ" అని తీసుకొస్తారు చాలాసార్లు, ఎందుకంటే గట్టి ముద్ద పక్క నుంచి కాస్త నీళ్ళ లాంటిది జారుతూ ఉంటుంది. మత్తిచ్చి, ఎనీమా ఇచ్చి, వేలితో కొంచెం కొంచెం పగలగొట్టి తీయడానికి గంటన్నర పట్టిన రోజులున్నాయి. వాసన సంగతి రాయను, మీరు భోజనం చేస్తూ చదువుతూ ఉండొచ్చు. ఒక మాట, మలద్వారం దగ్గర ఎముక కొస కనబడితే ఇంట్లో లాగొద్దు, లోపల రెండో కొస ఎక్కడ గుచ్చుకుని ఉందో మీకు తెలియదు.

ఇప్పుడు మీ వారి నల్లి బొక్క దగ్గరికొద్దాం. ఇక్కడ నేను పెద్దగా నీతులు చెప్పలేను, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. మా సీజర్, అదీ లాబ్రడారే, దానికి ప్రతి ఆదివారం పచ్చి నల్లి బొక్క తెచ్చేవాణ్ణి, డాక్టర్ని కదా, పచ్చిదైతే పర్లేదని నా ధీమా. పెరట్లో జామచెట్టు కింద గంట సేపు కూర్చుని పళ్ళతో గీకుతుంటే ఆ చప్పుడు వినడం నాకే హాయిగా ఉండేది. నాలుగో ఏడు దాని కుడి కంటి కింద వాపు వచ్చింది. తేనెటీగ కుట్టిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత చీము కారింది, అప్పుడు పెదవి ఎత్తి చూశాను. పైదవడ నాలుగో ప్రీమోలార్, మాంసాన్ని కత్తిరించే పెద్ద పన్ను, బయటి పక్క ఒక పలక లాగా చీలి ఊడిపోయింది, లోపల నరం బయటపడి చాన్నాళ్ళయింది. ఆ పన్నుకి మూడు వేర్లు, అవి సరిగ్గా కంటి కిందకి వెళ్తాయి, చీము అక్కడ పొంగింది. అన్నాళ్ళూ సీజర్ తిన్నాడు, ఆడాడు, ఒక్క రోజు కూడా మూలగలేదు, ఎడమ పక్కే నములుతున్నాడని నేను గమనించలేదు. కుక్క నోరు నొప్పి దాచుకున్నట్టు ఇంకేదీ దాచుకోదు. ఆ పన్ను తీయించాను, నా చేతుల్తో కాదు, నాకు ధైర్యం చాల్లేదు.

పెద్ద కుక్కకి శాశ్వత దంతాలు 42 ఉంటాయి, వాటిలో పనిచేసేది ముఖ్యంగా ఆ పన్నే. మేక, పోతు, గేదె కాలి ఎముకలు జీవితమంతా ఆ బరువు మోయడానికి కట్టుకున్నవి, పంటి కంటే మొండివి. పచ్చివైనా అంతే, పచ్చిది అంతగా చీలదు నిజమే, కానీ పన్నుని చీలుస్తుంది. గట్టిదో కాదో తెలుసుకోవడానికి మా డాక్టర్లు చెప్పే మోటు పరీక్ష ఒకటుంది: ఆ వస్తువుతో మీ మోకాలి చిప్ప మీద కొట్టుకోగలరా? కొట్టుకోలేనంత గట్టిదైతే కుక్కకీ వద్దు. గోరు గుచ్చితే కాస్తయినా దిగాలి. ఈ పరీక్షలో దుకాణాల్లో అమ్మే జింక కొమ్ములు, గిట్టలు, రాయిలా గట్టిపడిన చుర్పీ అనే హిమాలయ జున్ను కూడా ఫెయిలే.

షాపువాడు నల్లిని గుండ్రంగా ఉంగరాలు ఉంగరాలుగా కొట్టి ఇస్తాడు చూడండి, అది ఇంకో తమాషా. మధ్యలో మూలుగ నాకుతూ నాకుతూ కింది దవడ దూర్చేస్తుంది, ఉంగరం కోరపళ్ళు దాటి వెనక్కి జారుతుంది, ఇక రాదు. కుక్క పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది, ఇంట్లోవాళ్ళు లాగితే ఇంకా బిగుస్తుంది. కొంచెం కొబ్బరినూనె రాసి మెల్లగా తిప్పితే ఒక్కోసారి వచ్చేస్తుంది, రాకపోతే మత్తిచ్చి కోయాల్సిందే. ఒకసారి నా దగ్గర సరైన రంపం లేక ఎదురుగా ఉన్న సైకిల్ షాపు నుంచి హాక్సా బ్లేడు తెప్పించాను, నాలుక కింద చెంచా పెట్టి మా కాంపౌండర్ పట్టుకున్నాడు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ ఆ అరగంట నా చొక్కా తడిసిపోయింది.

పచ్చిదానికి ఇంకో కోణం క్రిములు. కుక్కకి సాల్మొనెల్లా లాంటివి వచ్చినా చాలాసార్లు తట్టుకుంటుంది, కానీ ఆ నోటితో పిల్లల మొహం నాకుతుంది, ఆ ఎముకని సోఫా మీదకి ఎక్కిస్తుంది. మన మే నెల ఎండలో రెండు గంటలు పెరట్లో పడున్న పచ్చి ఎముక మీద ఏం పెరుగుతుందో చెప్పక్కర్లేదు. పచ్చి కోడిమెడలు తినే కుక్కల్లో కాళ్ళు చచ్చుబడే ఒక జబ్బు ఎక్కువగా కనబడుతోందని 2018లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించారు, చికెన్‌లో ఉండే కాంపిలోబాక్టర్ అనే క్రిమికీ దానికీ సంబంధం ఉందని వాళ్ళ మాట. అరుదైన జబ్బే, అయినా చెప్పాను.

ఎముకతో పాటు షాపువాడు "కుక్కకి అన్నా" అని ఉచితంగా వేసే సంచిలో ఊపిరితిత్తులు, లివర్ ముక్కలు ఉంటే వాటిలో నీటి బుడగల్లాంటి తిత్తులు ఉన్నాయేమో చూడండి, చూసినా నన్నడిగితే పచ్చిగా అసలు పెట్టకండి. గొర్రెల్లో ఆ తిత్తులు తిన్న కుక్క పేగులో ఒక చిన్న బద్దె పురుగు పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క మలంలో వస్తాయి, మన చేతి ద్వారా మన కడుపులోకి వెళితే మన లివర్‌లోనే ఆ తిత్తి పెరుగుతుంది. కుక్కకి ఏమీ తెలియదు, మనిషికి ఆపరేషన్. ఎముకల కంటే నాకు ఇదే పెద్ద భయం. బాగా ఉడికిస్తే ఆ భయం పోతుంది, పురుగుల మందు కూడా మీ డాక్టర్ చెప్పినట్టు క్రమం తప్పకుండా వెయ్యండి, అందులో బద్దె పురుగుని చంపే ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో డబ్బా మీద చూడండి.

ప్యాకెట్లో వచ్చే పొగబెట్టిన ఎముకలు మంచివా అని ఎవరో అడుగుతారు, ముందే చెప్పేస్తాను. కావు. అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో సరిగ్గా వీటి గురించే జనాన్ని హెచ్చరించింది, అప్పటికి వాళ్ళకి 68 దాకా ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో 15 కుక్కలు చనిపోయినట్టు ఉంది. రంగు ప్యాకెట్, దాని మీద నవ్వే కుక్క బొమ్మ ఉన్నంత మాత్రాన వండిన ఎముక వండని ఎముక అయిపోదు.

చేప ముళ్ళ సంగతి వేరే చెప్పాలా? ముళ్ళు టాన్సిల్స్‌లో, నాలుక కింద గుచ్చుకుంటాయి, కుక్క పంజాతో మూతి రాసుకుంటూ తిరుగుతుంది. ముల్లు తీసిన ఉడికించిన చేప పెట్టండి, ఒమేగా అని షాంపూ కంపెనీలు చెప్పే నిగారింపు దాంట్లోనే ఉంది. చికెన్ స్కిన్, మటన్ కొవ్వు మాత్రం గిన్నెలో వెయ్యకండి, పండగ రోజు ఒక్కసారే ఎక్కువ కొవ్వు పడితే క్లోమం వాచి మూడు రోజులు సెలైన్ మీద ఉండాల్సిన కుక్కలు ఎన్నో. ఎండాకాలం వస్తోంది కాబట్టి ఇదీ చెప్తున్నాను, మామిడి టెంక, మొక్కజొన్న పొత్తు తిన్నాక మిగిలే బెండు ఎముకకి అన్నదమ్ములు. లాబ్రడార్ రెండూ ఒక్క గుటకలో మింగుతుంది, పైగా అవి ఎక్స్‌రేలో ఎముకంత స్పష్టంగా కనబడవు, కాబట్టి ఏం తిన్నదో దాచకుండా మాకు చెప్పండి. చెత్తబుట్టకి మూత ఉండాలి, గట్టి మూత.

"మరి కాల్షియం?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఎముకల రసం కాస్తే అందులోకి కాల్షియం పెద్దగా దిగదు, ఎముకలోనే ఉండిపోతుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కాచి, వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసేసి అన్నంలో పోస్తే రుచికి బాగుంటుంది, అంతవరకే. మీరు మంచి కంపెనీ తిండే పెడుతుంటే కాల్షియం అందులో సరిపడా ఉంది, మళ్ళీ వెయ్యడం ముఖ్యంగా పెద్ద జాతి పిల్లలకి చెడు, కీళ్ళు వంకర్లు పోతాయి. ఇంటి అన్నం, పెరుగు, చికెన్ మీద పెరిగే కుక్కకైతే నిజంగానే తక్కువ పడుతుంది. అప్పుడు ఉడికించిన కోడిగుడ్డు పెంకు ఎండబెట్టి మిక్సీలో మెత్తటి పొడి కొట్టండి, ఒక గుడ్డు పెంకు 5 గ్రాములుంటే అందులో 2 గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. రోజుకి ఎంత అనేది బరువుని బట్టి మీ డాక్టర్‌తో మాట్లాడుకోండి, చెంచాలు చెంచాలు వెయ్యకండి.

నమలాలనే కోరిక మాత్రం నిజం, అది తీసేయలేం. రెండేళ్ళ లాబ్రడార్‌కి నమలడానికి ఏమీ ఇవ్వకపోతే మీ చెప్పులు, మీ అత్తగారి కర్ర. గోరు దిగే గట్టి రబ్బరు బొమ్మ, లోపల డొల్ల ఉన్నది, నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది కొని, అందులో ఉప్పు లేని పెరుగన్నం, ఉడికించిన చికెన్ పీచు కూరి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి, పొద్దున ఇస్తే నలభై నిమిషాలు దాంతోనే కాలక్షేపం. లావు క్యారెట్ కూడా బాగుంటుంది. పళ్ళు తెల్లబడాలంటే ఎముక కాదు, బ్రష్, కుక్కల పేస్టుతో. మనుషుల పేస్టు వద్దు. పచ్చి తోలు చుట్టల గురించి చాలామంది అడుగుతారు, నానిన పెద్ద ముక్క మింగి ఇరుక్కున్నవి చూశాను కాబట్టి నాకు ఇష్టం లేదు.

ఇంత చెప్పినా మీ వారు నల్లి తెస్తానంటే, ఇదీ నా షరతు: పచ్చిది, బ్రౌనీ తలంత పెద్దది, కోయనిది, మోకీలు గుబ్బ ఉన్న కొస. నమిలేది కాదు, గీకేది. కడుపు నిండా తిన్నాక పది పదిహేను నిమిషాలు, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, తర్వాత తీసేసి బయట పారేయాలి, ఫ్రిజ్‌లో దాచి రేపు ఇవ్వడం లేదు. పళ్ళ భయం అలాగే ఉంటుంది, దాన్ని ఈ షరతులు తీసెయ్యలేవు. నేనైతే సీజర్ తర్వాత మానేశాను.

తీసెయ్యడం అన్నాను, అక్కడే చాలా ఇళ్ళలో రక్తం కారేది. ఎంత మంచి కుక్కయినా ఎముక దగ్గర గుర్రుమంటుంది. చేత్తో లాక్కోకండి, పిల్లల్ని అటు పోనివ్వకండి. ఒక ఉడికించిన చికెన్ ముక్క రెండడుగుల దూరంలో వేసి, అది అటు వెళ్ళాక ఇటు తీయండి. కరిస్తే సబ్బుతో పావుగంట పారే నీళ్ళ కింద కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, "ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా" అని ఆగొద్దు.

ఊపిరి ఆడకపోతే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. నాలుక నీలంగా మారి, శబ్దం లేకుండా గిలగిల్లాడుతుంటే నోరు తెరిచి చూడండి, ఎముక కంటికి కనబడితేనే వేళ్ళతో తీయండి, గుడ్డిగా వేలు పెడితే ఇంకా లోపలికి పోతుంది, మీ వేలు కూడా పోతుంది. చిన్న కుక్కైతే వెనక కాళ్ళు పట్టుకుని తల కిందికి వేలాడదీయండి. బ్రౌనీ లాంటిదైతే వెనక నుంచి పట్టుకుని, పక్కటెముకలు అయిపోయే చోట పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ గట్టిగా నాలుగైదు సార్లు నొక్కండి. వచ్చేసినా ఆ రోజు డాక్టర్‌కి చూపించండి.

చివరగా అత్తగారి విషయం, మీరు అసలు అడిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది. ఆవిడకి ఎక్స్‌రేలు చూపించి లాభం లేదు, మా అమ్మకి నేను డాక్టర్నై ఉండి కూడా చెప్పలేకపోయాను. ఆవిడ బ్రౌనీకి ఎముకలు వేస్తున్నది మిగిలిపోయాయని కాదు, కంచం దగ్గర కూర్చుని దాని మొహం చూసి ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేక. ఆ పెట్టే పని ఆవిడ దగ్గర నుంచి లాక్కోకండి. ఆదివారం చికెన్ కడిగాక, మసాలా పట్టించకముందే, ఎముక లేని ముక్కలు గుప్పెడు తీసి వేరే గిన్నెలో ఒట్టి నీళ్ళతో ఉడికించండి. చల్లారాక ఆ గిన్నె ఆవిడ కంచం పక్కన పెట్టండి. మా ఇంట్లో అలా పెట్టిన రెండో ఆదివారానికే మా అమ్మ కంచంలో ఎముకలు కంచంలోనే మిగిలాయి.

మూడు రోజుల తర్వాత బ్రౌనీ ఎలా ఉందో రాయండి. మలం రంగుతో సహా రాయండి, మొహమాటం వద్దు.